పది చుక్కలు

పవిత్ర గురువారం, రాత్రి

యూదుల పస్కా పండుగ గురించి వాళ్ల మతగురువులైన రబ్బీలు ఏమన్నారో కాన్వెంటు లైబ్రరీలో వెతికి నెలరోజులు రాసుకున్నాను. "చూసి ఇస్తానమ్మా" అని ఆ నోటుబుక్కు తీసుకుపోయిన ఉపదేశి జోసెఫన్న, ఈ సాయంత్రం మా కోరమండల్ చర్చి హాల్లో అదంతా తన ప్రసంగంగా చదివాడు.

"యాడ నేర్చుకున్నావప్పా ఇంత?" అన్నారు ఫాదర్.

"నేనే కష్టపడి రాసినాను ఫాదర్."

పస్కా విందు బల్ల దగ్గర చిన్నవాళ్లు ప్రశ్న అడగాలన్నదీ నేను రాసిందే. అది మళ్లీ చదివి జోసెఫన్న నావైపు చూసి నవ్వాడు. "ఏమ్మా, నోరు లేని పిల్లా, నువ్వే అడుగు."

లేచాను. "ఐగుప్తువాళ్ల మీదికి దేవుడు పంపిన పది తెగుళ్ల పేర్లు చెప్పేటప్పుడు, ద్రాక్షరసంలో వేలు ముంచి పది చుక్కలు తీసేస్తారు. ఎందుకన్నా?"

నోటుబుక్కు కాగితాలు తిరగేశాడు. "అది... వాళ్ల ఆచారం. ఇంగేముండాది?"

"శత్రువులైనా మనుషులు చచ్చిపోయినారని తమ సంతోషం తగ్గించుకుంటారు ఫాదర్. ఆ నోటుబుక్కు నాది. జవాబు రాసేలోపే అన్న తీసుకుపోయినాడు."

జోసెఫన్న చెవులు ఎర్రబడటం కళ్లారా చూశాను.

రేపు గుడ్ ఫ్రైడే, సిలువ ముందు మోకరించి అతన్ని క్షమించాలి. ఎట్లాగో తెలియదు...

అమ్మ గ్లాసునిండా కాఫీ పెట్టి పోయింది. అతని కోసం ఒక చుక్కన్నా తీద్దామని వేలు ముంచబోయాను. ఆ ఎర్రటి చెవులు గుర్తొచ్చాయి. ఒక్క చుక్క కూడా తియ్యకుండా అంతా తాగేశాను.