బొంబాయి పోయినవాడి పాట

అమ్మమ్మకు గజేందర్ దండాలు. ఈ ఎడారి ఎండకు నా గురించి భయపడకు, మిట్టమధ్యాహ్నం మా స్టేడియం పని ఆపేస్తారు. పాట సంగతి ఫోన్‌లో అడిగితే "మర్సిపోయిన తియ్" అని పెట్టేస్తావని కార్డు రాస్తున్నాను.

నువ్వు వయసులో ఉన్నప్పుడు జగిత్యాలలో పాడిన క్యాసెట్టును స్వర్ణ ఫోన్‌లో రికార్డు చేసి పంపింది కదా, శుక్రవారం సెలవునాడు మా కూలీల క్యాంపులో పెట్టాను. బొంబాయి మిల్లుకు పోయిన మొగుడి కోసం ఎదురుచూసే ఆమె పాట అది. నాట్లేసే ఆడవాళ్లు అందుకున్నట్టే మావాళ్లంతా నీ వెనక అందుకున్నారు. బస్సులోంచి ఎవరో దిగుతున్నాడు అనేసరికి క్యాసెట్టు అయిపోయి పాట తెగిపోయింది. కోరుట్ల నిజాముద్దీన్ భాయ్ అన్నం పళ్లెం పక్కన పెట్టేశాడు. "అరే గజేందర్, గాయన ఇంటికొచ్చిండా లేదా? యల్లా, జల్ది మీ అమ్మమ్మనడుగు" అని రోజూ నా ప్రాణం తీస్తున్నాడు. అప్పుడు క్యాసెట్టు అట్ట మీద హార్మోనియం ఆయన పేరొక్కటే వేశారు గానీ, ఇక్కడ అందరికీ ముత్తవ్వ అన్న నీ పేరే తెలుసు.

తాత పోయిన నాటి నుంచి నువ్వు గొంతెత్తలేదు. మా కోసం ఆ మిగిలిన ముక్క పాడు, స్వర్ణ పంపిస్తుంది. మోకాళ్లకు నూనె రాస్తున్నావా? బర్రె ఈనిందా? మొగుడికి ఈసారీ సెలవు దొరకలేదని స్వర్ణ నా మీద అలిగింది. వరల్డ్ కప్ మొదలయ్యేలోపు పని అయిపోతుంది, వచ్చేస్తానని నువ్వే నచ్చజెప్పు. పాపకు ముద్దులు.

ఒకవేళ పాటలో అతను రాకుంటే, మార్చి పాడి ఇంటికి తోలుకరా. స్వర్ణ కూడా వింటుంది.

నీ మనవడు
గజేందర్