నాన్న పంపిన ఆవు

బటాంగ్ బెర్జుంటై,
జూన్ 1953

అమ్మకు రత్నావతి నమస్కారాలు. బాబు ఇప్పుడు బాగున్నాడు, కంగారు పడకు.

నేను రబ్బరు చెట్ల గీతకు వెళ్లినప్పుడు వాడికి డబ్బా పాలు పట్టేవాళ్లం. తాగిందంతా కక్కి మెలికలు తిరిగిపోయేవాడు. అడవిలో దాక్కున్న తిరుగుబాటుదార్లకు చేరకూడదని, నిలవ ఉండకుండా కొట్టులో డబ్బాకు చిల్లు పొడిచే అమ్ముతున్నారు కదా, పులిసిన పాలే కారణమనుకున్నాం. అందుకేగా నాన్న బంటింగు నుంచి లారీలో ఆవును పంపాడు. ఆ పాలు పట్టాక ఏడుపు ఇంకా ఎక్కువైంది. మా అత్త మాత్రం "ఆవుపాలు పడని పిల్లడు ఉంటాడేటి" అని నా చేత కూడా తాగించింది. చివరికి ఎస్టేటు ఆసుపత్రి డ్రెస్సరు మా ఇద్దరికీ డబ్బా పాలూ ఆవుపాలూ మాన్పించాడు, నేను తాగినా నా పాలలోంచి వాడికి చేరుతుందట. ఇప్పుడు నా పాలే కొంచెం కొంచెంగా ఇచ్చి, భుజాన నిటారుగా ఎత్తుకుంటున్నాను. నేను లేనప్పుడు గంజి. కక్కడం తగ్గింది, నిద్రపోతున్నాడు.

వచ్చేటప్పుడు వాము తీసుకురా. అక్క కాలి పుండు మానిందా?

ఆవు సంగతి నాన్నకు మెల్లగా చెప్పమని రాద్దామనుకున్నాను. కానీ నీకు కార్డు చదివిపెట్టేది ఆయనే. నాన్నా, ఆవు బాగా మేస్తోంది. దాని పాలు మా కూలీల లైను ఇళ్లలో పిల్లలందరూ తాగుతున్నారు, నీ మనవడు తప్ప.