ఎదురు కుర్చీ ఎవరికి

కింద సంతకం చేసిన నేను, వయసు డెబ్బై ఒకటి, భర్త గతించారు, వృత్తి: లేని ఊళ్ల గురించి కథలు రాయడం, ఈ మూడుగదుల వాటాలో కాపురం, పూర్తి తెలివితో, స్థిమితమైన మనసుతో, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా, నా సొంత దస్తూరీతో రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకుముందు ఏదీ రాయలేదు కాబట్టి రద్దు చేయవలసిందీ లేదు.

‘స్థిమితమైన మనసు’ అన్నచోట అక్షరాలు వంకరపోయాయి, గమనించగలరు. వెనకటికొకడు పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట. నా సంగతీ అలా అనుకోకూడదని ఈ మొదటి పేజీ డాక్టరుగారి గదిలో, ఆయన ఎదురుగా కూర్చుని రాశాను. ఆయన ఈరోజు ఏ వారమో అడిగారు, వందలోంచి ఏడేసి తీసుకుంటూ పొమ్మన్నారు, గడియారం బొమ్మ గీయమన్నారు. అన్నీ చేశాను. ఈ రోజుకి నా మనసు నాదేనని ఆయన ఇచ్చిన కాగితం దీనికి జతచేశాను. రేపటి సంగతి కూడా రాసివ్వమంటే నవ్వారు. నేను నవ్వలేదు.

జబ్బు సంగతి దాచి లాభం లేదు. ఉన్నవాటిని మరిచిపోవడం నాకింకా తక్కువే. లేనివాటిని ఉన్నాయనుకోవడం ఎక్కువైంది. నలభై ఏళ్లు కూర్చుని నీళ్ల కింద ఒక పట్నం కట్టాను. దానికి వీధులు వేశాను, మెట్లు దింపాను, మనుషుల్ని పెట్టాను, ఐదు నవలలు రాశాను. పోయిన చలికాలం మందుల షాపుకని బయల్దేరి పంపుహౌసు మలుపు తిరిగాను. మా వీధిలో పంపుహౌసు లేదు. అది నా రెండో నవలలో ఉంది. దాని పక్కనుంచి కిందికి దిగే మెట్ల కోసం ఎవరిదో గోడ తడుముకుంటూ నిలబడ్డాను. మెట్లు కట్టించింది నేనైతే ఎవడు తీసేశాడని కోపం కూడా వచ్చింది. మలుపులో చెప్పులు కుట్టే ఆయన చూసి, “అమ్మా, మీ ఇల్లు ఇటు కదా, రండి” అని చెయ్యి పట్టుకుని తెచ్చి దింపాడు.

నాకు సంతానం ఒక్కతే కూతురు. ఈ వాక్యం చట్టానికి ఎంత అవసరమో నాకూ అంతే అవసరం. ఆమె లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రెండో పిల్ల నాకు లేదు. నీళ్ల కింద వీధుల్లో దీపాలు వెలిగిస్తూ ఐదు నవలల్లోనూ తిరిగే తొమ్మిదేళ్ల దీపాలపిల్లను నేను కనలేదు, రాశాను. ఈమధ్య భోజనాల బల్ల మీద మూడు పళ్లేలు పెడుతున్నానట. కూతురు మూడోది మాట్లాడకుండా తీసి లోపల పెడుతోంది. అసలే నోరున్న మనిషి. అది నోరు మెదపకపోవడం చూస్తే నాకు ఇంకా భయం వేస్తోంది.

ఇక నా తదనంతరం నా స్థిరచరాస్తులు ఈ విధంగా చెందవలసినది.

ఒకటి. ఈ వాటా, ఇందులోని సామాను, నా పుస్తకాల మీద హక్కులు నా కూతురికి. ఆమె తన ఇష్టం వచ్చినట్టు అనుభవించవచ్చు, అమ్ముకోవచ్చు, అద్దెకిచ్చుకోవచ్చు. పుస్తకాలు చదవాలన్న షరతు పెట్టడం లేదు. పెట్టినా వినదు.

రెండు. రాసే గది గోడ మీది పట్నం పటం మా ఆయన గీసినది. ఆయన ఉద్యోగం సర్వే శాఖలో. పొద్దంతా ఉన్న పొలాలు కొలిచి, ఇంటికొచ్చి భార్య చెప్పిన లేని వీధులు గీసేవారు. ఒకసారి నేను ఒక వంతెన జరపమంటే, “వంతెనలు జరపరే, కొత్తది కట్టుకో” అన్నారు. గోడను ఊడదీయలేం కనుక, గుడ్డ మీద ఆయన తీసిన నకలు నా తమ్ముడికి ఇస్తున్నాను. వీడు ఏ పెళ్లికి వెళ్లినా “మా అక్క, దెయ్యాల కథలు రాస్తుంది” అని నన్ను పరిచయం చేశాడు. నీళ్ల కింద ఉన్నంత మాత్రాన దెయ్యాలు కారురా అని చెప్పీ చెప్పీ అలిసిపోయాను. అయినా పటం వీడికే ఎందుకంటే, చిన్నప్పుడు వీడు ప్రతి సంతలోనూ తప్పిపోయేవాడు, నేను వెతికి తెచ్చేదాన్ని. ఇప్పుడు తప్పిపోయే వంతు నాది. వెతకడానికి వచ్చేవాడి దగ్గర పటం ఉండాలి.

మూడు. మలుపులో చెప్పులు కుట్టే ఆయనకు నా పెద్ద నల్ల గొడుగు. ఆయన్ని సాక్షిగా పిలుద్దామనుకున్నాను. వీలునామాలో ఏదైనా పుచ్చుకునేవాళ్లు సాక్షి సంతకం చేయకూడదని లాయరు చెప్పారు. ఆయన్ని అడిగితే సంతకం వద్దు, గొడుగే ఇమ్మన్నాడు. తెలివైనవాడు.

నాలుగు. నా ప్రచురణకర్తకు ఏమీ లేదు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు పట్టుకునే రకం. మొదటి నవల అట్ట మీద చేపతోక ఉన్న ఆడదాన్ని వేయించాడు. నా పట్నంలో తోక ఉన్న మనిషి ఒక్కరూ లేరు. అదేమిటయ్యా అంటే, “నీళ్లంటే జనం అదే అనుకుంటారు మేడమ్” అన్నాడు. ఇప్పుడు పళ్లబుట్టతో వచ్చి, “ఊరికే కబుర్లు చెప్పండి మేడమ్” అంటూ సగంలో ఉన్న ఆరో నవల గురించి లాగుతున్నాడు. నేను తెలివిలో లేని పూట చూసుకుని వస్తాడేమోనని తలుపు చప్పుడైతే ముందు ఆ కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాను. అందువల్ల ఆరో నవలను ఎవరూ పూర్తి చేయకూడదు. ఇకమీదట డాక్టరుగారు, కింది నిబంధనలో చెప్పిన మనిషి ఇద్దరూ పక్కన లేకుండా నా రచనల గురించి నేను ఏ కాగితం మీద సంతకం పెట్టినా, అది నా చెయ్యి పెట్టిందే కాని నేను పెట్టింది కాదని అందరూ గ్రహించవలసినది.

ఐదు. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత నా పుస్తకాలకు ప్రూఫులు దిద్దిన స్నేహితురాలిది. ఆమెకు నా భూతద్దం, కిటికీ పక్క బీరువా. మూడో నవలలో చచ్చిపోయిన పడవవాణ్ణి నేను ఐదో నవలలో పని చేయిస్తుంటే, “ఏమే, వీడికి పెన్షన్ కూడా ఇవ్వవా” అని ఫోను చేసిన మనిషి. అప్పుడు ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. నాకు తెలియకుండానే జబ్బు అప్పటికే మొదలైందేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. ఆమెకు ఈ మాట చెప్పలేదు. ఇక్కడ చదువుకుంటుంది, ఏడవకూడదు.

ఆరు. నేను పని చేసే తీరు చెప్పకపోతే తరువాతి నిబంధన అర్థం కాదు. రాసే గదిలో రెండు కుర్చీలు. ఒకదాంట్లో నేను, ఎదురుగా ఉన్న పేము కుర్చీలో ఆరోజు రాయవలసిన మనిషి. నేను పైకే అడుగుతాను, ఎదురు కుర్చీ జవాబిస్తుంది, అది రాసుకుంటాను. కూతురు చిన్నతనంలో ఇంటికొచ్చినవాళ్లతో, “అమ్మ లేనివాళ్లతో మాట్లాడుతోంది, కూర్చోండి” అనేది. ఇన్నేళ్లలో నాకు తెలిసిన వృత్తి మర్మం ఒక్కటే. ఎదురు కుర్చీ నాకు తట్టని మాట ఒక్కటి కూడా అనదు. దీపాలపిల్ల ఎంత ముద్దుగా మాట్లాడినా, ఆ మాట ముందుగా నా నాలుక మీద ఉన్నదే. నిజం మనుషులు అలా కాదు. తొమ్మిదేళ్ల కూతురికి మొదటి నవల చదివి వినిపిస్తే మధ్యలో ఆపి, “నీళ్లల్లో దీపం ఎలా వెలుగుతుందమ్మా? ఆరిపోదూ?” అంది. నాకు అప్పటిదాకా తట్టనే లేదు. దానికి జవాబు చెప్పడానికే రెండో నవల రాయవలసి వచ్చింది.

ఈ నెలలో ఒక ఉదయం కూతురు డ్యూటీకి బయల్దేరుతూ, పనిముట్ల సంచి సర్దుకోవడానికి ఆ పేము కుర్చీలో కూర్చుంది. నేను చూస్తున్నాను. ఈ మనిషిని సరిగ్గా రాయలేదే అనిపించింది. గొంతు మరీ పెద్దదిగా పెట్టాను, తగ్గించాలి. మోచేతి మీద ఆ నల్లమరకకు కథలో పనేమీ లేదు, తీసేయాలి. గీత పెట్టడానికి కలం కూడా అందుకున్నాను. అప్పుడది తలెత్తి, “మందులేసుకున్నావా, లేకపోతే ముక్కు మూసి నేనే వెయ్యనా” అని కసిరింది. దాంతో మరక గ్రీజు మరకయింది, మనిషి నా కూతురయింది. అది వెళ్లాక కలానికి మూత పెట్టి సొరుగులో పడేశాను. చావంటే నాకు ఇంత భయం లేదు. ఏదో ఒక రోజు లేని పిల్లకు అన్నం వడ్డించి, ఉన్న పిల్లను ఎవరు నువ్వంటానని నా భయం. ఈ వీలునామా అంతా ఆ ఒక్క భయంతో రాస్తున్నదే.

ఏడు. పోయాక తెరిచే కాగితంలో బతికుండగా చేయవలసిన పనులు రాయకూడదని లాయరు అన్నారు. రాస్తాను. ఆయన కొట్టేసుకోవచ్చు, నా కూతురు కొట్టేయకూడదు. నేను తనను గుర్తుపట్టని రోజు వచ్చినప్పుడు ఆమె నాకు ‘అవునమ్మా, సరేనమ్మా’ అనకూడదు. జబ్బు మనిషి కదా అని తల ఊపకూడదు. చుట్టాలందరూ అలాగే చెయ్యమంటారు, వాళ్ల మాట వినకూడదు. నేను అనుకున్నదే తిరిగి చెబితే తను కూడా నేను రాసిన మనిషి అయిపోతుంది. ఎదురు కుర్చీలో కూర్చుని నాకు తట్టని మాట ఒకటి అనాలి. తిట్టయినా సరే, దానికి కరువేమీ లేదు. అప్పుడు పేరు పెట్టి పిలుస్తానని మాటివ్వలేను. కాని ఆ మాట నేను రాసింది కాదని తెలుస్తుంది. ఎదురుగా నిజంగా ఎవరో ఉన్నారని తెలుస్తుంది. నా దగ్గర అంతకు మించిన ఉపాయం లేదు.

ఎనిమిది. ఇక్కడితో ముగించి నిన్న కాగితాలు కూతురికి ఇచ్చాను. వంటగది గుమ్మంలో నిలబడే చదివింది. ఏడుస్తుందనుకున్నాను, లేదా ఈ పిచ్చిరాతలేమిటని అరుస్తుందనుకున్నాను. రెంటికీ సమాధానాలు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. అది కాగితాలు మడిచి, “మామయ్యకి పటం రాశావు, చెప్పులు కుట్టే ఆయనకి గొడుగు రాశావు. ఆ దీపాలపిల్లకి ఏం రాయలేదేంటమ్మా? దానికి నువ్వు తప్ప ఎవరున్నారు?” అంది. అని లోపలికి వెళ్లి, రోజూ దాచిపెట్టే మూడో పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఆ మాట నాకు తట్టలేదు. నలభై ఏళ్లలో ఒక్కసారీ తట్టలేదు. పేము కుర్చీ కేసి చూశాను, కూతురి కేసి చూశాను. నా కూతురెవరో నాకు స్పష్టంగా తెలిసింది. భయం పోలేదు, ఇది రాస్తున్నప్పుడూ ఉంది. కాని తెలిసింది.

కాబట్టి ఈ చివరి నిబంధన. పేము కుర్చీ, మూడో పళ్లెం దీపాలపిల్లకు చెందవలసినది. ఆమె వయసు తొమ్మిదేళ్లు, ఎప్పటికీ మైనరే. నా తదనంతరం ఆమెకు సంరక్షకురాలిగా ఆమె అక్కను, అంటే నా కూతురిని, నియమిస్తున్నాను.

ఇది నేను చదువుకుని, సరిగా ఉన్నదని ఒప్పుకుని చేసిన సంతకం. పుస్తకాల మీది పేరు కాదు, బళ్లో వేసినప్పుడు మా నాన్న రాయించిన పేరు.

తేదీ: రెండువేల ఇరవైనాలుగు, ఆగస్టు పదకొండు, ఆదివారం. వారం ఎవరినీ అడగకుండా రాశాను.

(సంతకం)

సాక్షులు:

ఒకటి. నన్ను పరీక్షించిన డాక్టరుగారు (సంతకం)

రెండు. పై వాటాలో ఉండే రిటైర్డు లెక్కల మాస్టారు (సంతకం). నా నవల ఒక్కటీ చదవలేదని ప్రమాణం చేసి మరీ సంతకం పెట్టారు.