మూడో కంప్యూటర్

చిన్నీ,

నాన్న కంప్యూటర్‌లో ఏదీ తీసేయకు. రైళ్ళ ఆట సాయంత్రానికి నీ కొత్త ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటుంది. భోజనం మూతపెట్టి ఉంచాను, వేడి చేసుకుని తిను.

ఆట ఎందుకు మొరాయిస్తోందో తెలుసుకుందామని ఆ కంపెనీకి ఫోన్ చేశాను, ఒక అమ్మాయి ఎత్తింది. ఒకసారి కొంటే మూడు కంప్యూటర్లలోనే ఆడనిస్తారట. మన మూడూ నిండిపోయాయి.

"అంటే ఒకరు లేస్తేగానీ ఇంకొకరు కూర్చోకూడదా అమ్మా?" అని అడిగాను.

"అంతే మేడమ్, బెంచీ చిన్నది" అని నవ్వింది ఆ అమ్మాయి.

ఆ మూడు కంప్యూటర్లకూ నాన్న పెట్టిన పేర్లు చదివి వినిపించింది. ఒకటి ఆయనది, ఒకటి పాడైపోయిన నీ పాతది. మూడోది "టీచరమ్మ".

వెతికితే నిజంగానే నా ల్యాప్‌టాప్‌లో, ప్రశ్నపత్రాల మధ్య ఆ ఆట దొరికింది. ఎప్పుడు పెట్టారో తెలియదు. చెబితే "పేపర్లు మీరు దిద్దిపెడతారా?" అంటానని ఊరుకున్నారేమో. నీకేమైనా చెప్పారా?

"సార్ వాడటం లేదుగా, ఆయనది తీసేద్దామా మేడమ్?" అంది ఆ అమ్మాయి. ఆయన పోయారని చెప్పాను. ఆయనది ఉండనిచ్చి, నీ పాతది తీసేయమన్నాను. సాయంత్రానికల్లా నీ కొత్తదానికి చోటు దొరుకుతుందంది.

బడికి ఆలస్యమవుతోంది. వీధి తలుపు గడియ మరిచిపోకు.

అమ్మ

ఇందాక నా ల్యాప్‌టాప్‌లో ఆ ఆట ఒక్కసారి తెరిచి చూశాను. పట్టాల పక్కన చిన్న స్టేషన్ కట్టాను. బండి వస్తోంది కానీ ఆగకుండా వెళ్ళిపోతోంది. ఎలా ఆపాలో నీకు తెలుసా?