నువ్వు కట్టని మూట

అన్నా,

నువ్వు పోయి నలభై రోజులైంది. ఇక్కడ జనగామలో అందరం బాగానే ఉన్నామని రాయను. అబద్ధాలు ఇప్పటికే చాలామంది చెప్పారు.

నిన్ను లారీలోంచి దించిన రోజే నీ మూట కూడా దించారు. జ్వరమని నువ్వే సెలవడిగి, నీ సామాను నువ్వే కట్టుకుని, నువ్వు పనిచేసే బోర్లు వేసే క్యాంపు నుంచి నీ కాళ్ల మీద నడిచి వెళ్లావట. దారిలో పడిపోయావట. మేస్త్రీ చెప్పాడు, అందరూ తలలూపారు.

నేను మూటను చూస్తూ నిలబడ్డాను.

భూపాలపల్లి అడవిలో కింద పడుకుంటే తేళ్లు, పాములు అన్నావనే కదా, చెట్లకు కట్టుకుని పడుకునేందుకు ఆ మూటలోని ఉయ్యాల చేశాం? నేను పనిచేసే మిల్లులో చినిగిన గోనె సంచులు తెచ్చి రెండు పొరలు వేసి దబ్బనంతో కుట్టాను. నువ్వేమో యూరియా సంచుల ప్లాస్టిక్ కవర్లను దీపం సెగకు అతికించి వాన పట్టా చేశావు. అమ్మ పల్చటి చీర దోమతెర అయింది. వాటిని మూట కట్టడం మాత్రం నువ్వే నేర్పావు...

"చెల్లె, పట్టా ఎప్పటికీ పైనుండాలె. అడవిల దిగంగనే ముందుగాల వానను ఆపుకోవాలె, పండుడు తర్వాత."

ముడి ఒక్క గుంజుకు ఊడాలనేవాడివి. "చేతులు వణికినా ఊడాలె గది."

వచ్చిన మూటకు రెండు బిగుసు ముళ్లు, ఒకదాని మీద ఒకటి. ఇంత చేతగాని ముడి నువ్వు పుట్టి బుద్ధెరిగాక వేసి ఉండవు. మరి ఎవరు వేశారు? అప్పటికి నువ్వెక్కడున్నావు? ఆ ఉయ్యాలలోనే పడి ఉన్నావా... ఎన్ని రోజులు?

బాబాయికి చెబితే తాడు సాక్ష్యం చెప్తుందా అని నవ్వాడు. అమ్మ నోరు మూసుకోమంది. క్యాంపుకు పోయి అడిగొస్తానని మిల్లులో ఒక్క పూట సెలవడిగితే మానేసి పొమ్మన్నారు. ఎటు తిరిగినా గోడే.

మూట తడిగా ఉంది. విప్పకపోతే గోనె కుళ్లిపోతుంది. విప్పితే ఆ ముళ్లు పోతాయి. దినాలయ్యేదాకా దాని చుట్టూ తిరిగాను. చివరికి ముళ్లు ముట్టుకోకుండా తాడును అవతలి వైపు కోశాను.

పట్టా అడుగున ఉంది. దాని మీద ఉయ్యాల, ఇంకా చెమ్మగానే. వాన నీళ్లేనా... నీ చెమటా?

నాలుగు ఎండలు ఆరబెట్టాను. పోయినవాళ్ల పక్కబట్టలు ఇంట్లో ఉండొద్దు, ఊరవతల పడేయమని అమ్మ పోరు. అటక మీద దాస్తాను, ఆమె కంట పడనివ్వనని ఒట్టేశాక ఊరుకుంది.

దాచే కట్టు వేరు, ప్రయాణం కట్టు వేరని నువ్వే కదా చెప్పింది? దాచేటప్పుడు ఉయ్యాల తాళ్లు తీసేయాలి, మడతల్లో వేపాకు వేయాలి, పట్టాకు చెమ్మ పడుతుంది కాబట్టి విడిగా పెట్టాలి. అటక మీది మూట దాచిన మూటే అనుకుంటోంది అమ్మ.

వేపాకు వేయలేదన్నా. తాళ్లు తీయలేదు. పట్టా పైనే ఉంది.

మూటకున్న ఆ కోసిన తాడు రెండు ముళ్లతోనే నా దగ్గరుంది. సెలవిచ్చినా ఇవ్వకపోయినా ఈ నెలలోనే భూపాలపల్లి బస్సెక్కుతాను. ఆ ముళ్లు ఎవరు వేశారో, వాళ్ల చేతే విప్పిస్తాను.

నీ చెల్లె
యాదమ్మ