రెండుసార్లు విరిగిన ఎడమ పాదం

అమ్మమ్మా, ఫోన్‌లో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. నేను క్షేమం.

రెండు ఆపరేషన్లయ్యాక, పద్నాలుగు నెలలకు, నిన్న మెల్‌బోర్న్‌లో మళ్లీ మన ఆస్ట్రేలియా ఫుట్‌బాల్, అదే చేతులతోనూ బంతి పట్టే ఆట, ఆడాను. మూడో క్వార్టర్లో ముగ్గురి తలల మీదుగా ఎగిరి బంతి పట్టుకుని, రెండుసార్లు విరిగిన ఆ ఎడమ పాదం మీదే దిగాను. మా ఫిజియో కెర్రిన్ పరుగెత్తుకొచ్చింది.

"పాదం ఎలా ఉందిరా?"

"ఏ పాదం?" అన్నాను.

"వెధవా, నా గుండె ఆగిపోయింది! పో, గోల్ కొట్టు!"

కొట్టాను. మొత్తం నాలుగు కొట్టాను. గెలిచాం!

ఎర్రావు ఈనిందా? తాతయ్యను ఒంటరిగా కంచె బాగుచేయవద్దని చెప్పు. నువ్వు అల్లుతున్న స్వెటర్‌కు చేతులు రెండంగుళాలు ఎక్కువ పెట్టు. పందొమ్మిదేళ్లొచ్చినా ఇంకా పెరుగుతూనే ఉన్నానట, డాక్టరే చెప్పాడు.

అందరికీ ముద్దులతో,
రోరీ