ఫ్లెక్సీ లేని కాలేజీ

మంగళవారం రాత్రి, ఎల్‌బీ నగర్

ఇంకా ఒళ్లు మండుతనే ఉన్నది. సీటిస్తమన్న ఆ చిన్న ఆర్ట్స్ కాలేజీని చూసొద్దామని పొద్దున హయత్‌నగర్ అవతలికి పోయిన. క్లాసంటే గుండ్రంగ కుర్చీలేసుకొని కూసునుడే. మేడం కరువు మీద ఒక పాఠం చదివిచ్చి నా దిక్కు తిరిగింది. "నువ్వేమనుకుంటున్నవ్?"

"నేననుకునుడేంది మేడం? చెప్పాల్సింది మీరు కదా!" అని అందరి ముందట గొంతు లేపిన. ఒక్కరు నవ్వలే. "సరే, ఆలోచించి రేపు చెప్పు. సీటు సంగతి కూడా" అన్నదామె.

మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్‌ల నేను పనిచేసే ఫ్లెక్సీల షాపుకొచ్చి, కంప్యూటర్ల కోచింగ్ సెంటరోళ్ల ఫ్లెక్సీ మీద ర్యాంకు పిల్లల మొకాలు అతికిస్తుంటే ఓనర్ శీనన్న మొదలువెట్టిండు.

"ఏందిరా, నీ కాలేజీకి ఒక్క ఫ్లెక్సీ లేదు, ఒక్క ర్యాంకు లేదు. అది కాలేజా, భజన మండలా?"

"మరి నీ దగ్గరుంటే నాకేం ర్యాంకొస్తదన్నా?"

"పోతే పో. తిరిగొస్తే మాత్రం నీ కుర్చీ ఉండదు."

ఉండదని నాకెరుకే. ఈ డిజైన్ పని నాకెవ్వడు నేర్పలే, వీడియోలు చూసి నేర్చుకున్న. గా కుర్చీ తప్ప నాకేమున్నది? చరిత్ర, సాహిత్యం చదివొస్తే ఎవడు పనిస్తడు? అమ్మకేం చెప్పాలె?

అయినా దిమాక్ ఆ పాఠాన్ని ఇడుస్తలేదు. వానల్లేక మా నాయన ఊరెట్ల ఇడిసిండో నాకు తెల్వదా? చెప్పేటిది నా దగ్గర ఉండె. ఇన్నేండ్లల ఎవ్వడు అడగలే, అడిగినామె మీదికే లేచిన.

గీ ఆలోచనల పడి ఇద్దరు పిల్లల కింద ఒకటే ర్యాంకు వేసి ప్రింటిచ్చిన. ఫ్లెక్సీ మొత్తం ఖరాబు. "నీ మనసు ఈడ లేదురా!" అని శీనన్న ఒర్రిండు.

లేదు, నిజమే. రేపు కరువు గురించి ఏం చెప్పాల్నో నాకు తెలిసిపోయింది. సీటు సంగతే ఇంకా తేల్చుకోలే...